దణ్ణం పెట్టవలసిన గడప

కడలి నీలమందు కరుణను దాచిన
తల్లి వంటి దేవ! దాత వీవు;
వలకు చేప నిచ్చి, వయసుకు చదువుల
నిచ్చు నీకు జోత లెల్లవేళ!

ఇచ్చినవారు మరచిపోవచ్చును, పుచ్చుకున్నవారు మరువరాదు. ఆ ధర్మాన్ని మన పెద్దల నోట పలికించిన దేవుడు న్యామేకు, ఆకాశమంత చేయి గల ఆ మహాదాతకు మొదటి నమస్కారం చేసి కథలోకి వద్దాం.

ఎసువానో రేవులో పొగచేపలు అమ్ముకొని బ్రతికే బెంట్సివా అమ్మమ్మ చేతిలో పెరిగిన కూకువాకు విశ్వవిద్యాలయంలో సముద్రశాస్త్రం చదవడానికి సీటు వచ్చింది. ఆ సంతోషం మూడు రోజులైనా నిలువలేదు. రుసుము కట్టడానికి మేనమామ ఎబో తన పడవ మోటారును బేరం పెట్టాడు. అమ్మమ్మ తన పొగపొయ్యిల పాకను అమ్మజూపింది. సరిగ్గా అప్పుడే, అడగని వరంలాగా ఒక ఉపకారవేతనం వచ్చింది. నాలుగేండ్ల రుసుము, వసతి, భోజనం, పుస్తకాలు, అన్నీ అందులోనే. ఇచ్చినవారు తమ పేరు చెప్పవద్దన్నారు. ఇంటి పెద్ద వేలిముద్ర వేసిన కాగితం గురువారం మధ్యాహ్నంలోగా చేరాలి. పోయినవారం మనం ఆగినచోట అమ్మమ్మ సిరా డబ్బీని పక్కకు నెట్టి, "ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియని కానుక నాకొద్దు" అన్నది. మధ్యవర్తిగా ఉన్న పెద్ద టీచరమ్మ ఎయికిన్స్ ఎంత చెప్పినా వినలేదు. చివరికి కృతజ్ఞతగా ఇచ్చే షనాప్స్ అనే సారా సీసానూ, డజను గుడ్లనూ టీచరమ్మే పట్టుకెళ్లి ఆ పేరు తెలియని దాతకు అందించేటట్లు ఒప్పందమైంది. దాత ఆ సీసా మూత తీసి ఒక్క గుక్క పుచ్చుకుంటే చాలు, కానుక కట్టుబడినట్లే.

మర్నాడు మంగళవారం. మంగళవారం కడలికి విశ్రాంతి. ఎసువానోలో ఒక్క పడవ నీటిలో దిగదు. మగవారందరూ ఒడ్డున వలల చిరుగులు కుట్టుకుంటూ కూర్చుంటారు. అమ్మమ్మ పాకకు మాత్రం విశ్రాంతి లేదు. కూకువా పొయ్యి మీది జల్లెళ్లను ఒకదాని కిందికొకటి మారుస్తున్నది గాని, ఆమె కళ్లు వాకిలి మీదనే ఉన్నాయి. పొగకు చెమర్చినవో, దిగులుకు చెమర్చినవో ఆ కళ్లకే తెలియాలి.

టీచరమ్మ ఆయాసపడుతూ వచ్చి పీట మీద కూలబడింది. చంకలో సంచి, చేతిలో మూతగుడ్డ కట్టిన బుట్ట.

"బెంట్సివా, ఈ వయసులో, చర్చిలో పెద్దరికం చేసే మనిషిని, నాచేత సారా సీసా మోయించి ఊరంతా తిప్పావు. కీర్తనల పుస్తకం పైన కప్పుకుని నడిచాను. దేవుడు చూసే ఉంటాడు."

"చూస్తే నవ్వుకుని ఉంటాడు లెండి. అది కాదు, తాగారా లేదా చెప్పండి."

టీచరమ్మ సంచిలోనుంచి సీసాను తీసి నేల మీద పెట్టింది. మూత మీది ముద్ర చెక్కుచెదరలేదు.

కూకువా చేతిలోని జల్లెడ వంగింది. రెండు చేపలు నిప్పులలో పడ్డాయి.

"గుడ్లు ఉంచుకున్నారు" అన్నది టీచరమ్మ మెల్లగా. "సీసా ముట్టలేదు. 'ఆ దణ్ణం అందుకునే అర్హత నాకు లేదు, పిల్లని హాయిగా చదువుకోమనండి' అన్నారు. ఉత్త చేతులతో పంపకూడదని ఈ బుట్ట ఇచ్చారు. ఇంక నన్నేమీ అడక్కు. పేరు చెప్పనని మాటిచ్చాను."

"అమ్మమ్మా, గుడ్లు ఉంచుకున్నారుగా!" కూకువా జల్లెడ దించి ముందుకు వచ్చింది. "సగం పుచ్చుకున్నట్టేగా! కాగితం ఇక్కడే ఉంది, సిరా ఉంది. ఒక్క వేలు, అంతే."

"గుడ్లు మర్యాదకి. సీసా మాటకి. మాట కట్టుబడలేదు."

అప్పుడే లోపలికి వచ్చిన ఎబో తల పట్టుకున్నాడు. "అమ్మా, ఆ మోటారు కొనేవాడు రేపు పొద్దున్నే వస్తాడు. వేలు నువ్వు పెడతావా, మోటారు నన్ను వదులుకోమంటావా? ఏదో ఒకటి తేల్చు. అది పోతే తెడ్డేసుకుని పోవాలి నేను."

"నీ మోటారు సొద ఆపరా. అది నిన్ను మోసిందానికంటే నువ్వు దాన్ని మరమ్మతుకి మోసిందే ఎక్కువ."

టీచరమ్మకు నవ్వు వచ్చింది. కూకువాకు రాలేదు. ఆమెకు తన స్నేహితురాలు ఎసాబా కళ్లలో మెదిలింది. ఎసాబా పట్నంలో కళాశాలలో చేరి, రెండవ ఏడు నడుమ రుసుము కట్టలేక పెట్టె సర్దుకొని వచ్చేసింది. ఇప్పుడు బస్సుల నిలయం దగ్గర గొడుగు కింద కూర్చొని ఫోను రీచార్జి కార్డులు అమ్ముతున్నది. తెలివిలో ఆమె కూకువా కంటె ఒక మెట్టు పైనే. తక్కువైనదల్లా ఇటువంటి ఒక కాగితం. ఆ కాగితం ఈనాడు తన ఒడిలో ఉన్నది. కన్నబిడ్డను కావలించుకొన్నట్లు దానిని గుండెకు హత్తుకొని, 'ఎవరో గాని తల్లీ, నీ కడుపు చల్లగా ఉండాలి' అని రాత్రంతా మొక్కుకున్న పిల్ల ఆమె. పేరు తెలియకున్నా ఆమె మొక్కు ఆగలేదు. కాని అమ్మమ్మ సంగతి వేరు.

"ముందు ఆ బుట్ట విప్పవే" అన్నది అమ్మమ్మ. "పెద్దవాళ్లు పంపింది అలా పక్కన పడెయ్యకూడదు."

కూకువా మూతగుడ్డ విప్పింది. లోపల పొగబెట్టిన కానాగంతలు. ఒక్కొక్క చేపను గుండ్రంగా వంచి, తోకను నోటిలో దూర్చి, తాటి ఈనెతో బిగించారు. అమ్మకానికైతే ఎసువానో రేవులో అందరూ కానాగంతలను బారుగా పరచి కాలుస్తారు. ఇవి కంకణాలలాగా ఉన్నాయి. రంగు కూడా మామూలు నలుపు కాదు. చెరకుపిప్పి పొగ చివర్లో తగిలితే వచ్చే ఎర్రని పసిడి రంగు.

అమ్మమ్మ ఒక చేపను చేతిలోకి తీసుకున్నది. ముక్కు దగ్గర పెట్టుకున్నది. తిరగేసింది. ఈనె గుచ్చిన చోటును బొటనవేలితో తడిమింది.

"నేను పేరు చెప్పలేదు సుమా!" అన్నది టీచరమ్మ కంగారుగా.

"మీరు చెప్పక్కర్లేదు టీచరమ్మా. ఈ వంపు మా అమ్మ నాకు నేర్పింది. నేను ఈ భూమ్మీద ఒక్కదానికే నేర్పాను." చేపను మెల్లగా బుట్టలో పెట్టి లేచి నిలుచున్నది. "కూకువా, నా తెల్లచీర తియ్యి. ఆ కాగితం, సిరా పట్టుకో. ఒరేయ్ ఎబో, సీసా నువ్వు పట్టుకో, దారిలో మూత తీశావంటే కాళ్లు విరగ్గొడతా. మాన్సా ఇంటికి వెళ్తున్నాం."

ఎబో నోరు తెరచినవాడు మూయలేదు. ముప్పయి ఏండ్లుగా ఆ ఇంట మాన్సా పేరు పలికినవారు లేరు. సంతలో మాన్సా బుట్ట ఒకవైపు ఉంటే అమ్మమ్మ బుట్ట రెండవవైపు. చర్చిలోనూ అంతే. ఎందుకని అడిగితే కూకువాకు చిన్నప్పటినుంచీ దొరికిన జవాబు ఒక్కటే: "పొయ్యి సంగతి చూడు."

ఇసుకబాట మీద నడుస్తూ కూకువా ధైర్యం చేసింది. "అమ్మమ్మా, ఇప్పుడైనా చెప్పు. ఏం జరిగింది?"

అమ్మమ్మ నడక ఆపకుండానే చెప్పింది.

"మీ తాత పోయే ముందు తన పెద్ద పడవ నాకిచ్చాడు. మగవాడి ఆస్తి అతని మేనల్లుడికి పోతుంది, అది మన కట్టు. బతికుండగా చేత్తో ఇచ్చింది మాత్రం పుచ్చుకున్నవాళ్లది. కానీ పుచ్చుకున్నవాళ్లు సాక్షుల ముందు దణ్ణం పెట్టాలి, సీసా పెట్టాలి. అప్పుడే అది కానుక. లేకపోతే వట్టి మాట. మీ తాతకి వ్యవధి లేదు. తెల్లారుతుండగా మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని నేను దణ్ణం పెట్టాను, సీసా పెట్టాను, ఆయన పెదవి తడుపుకున్నాడు. అప్పుడు ఆ గదిలో ఉన్నది ఒక్కతే. రోగికి జావ తెచ్చిన మాన్సా. మేనల్లుడు క్వెగ్యీర్ పెళ్లాం."

"తర్వాత?"

"దినకార్యం అయ్యాక పెద్దలు అడిగారు, సాక్షి ఎవరని. నేను మాన్సా వంక చూశాను. అది నేల వంక చూసింది. పడవ క్వెగ్యీర్‌కి పోయింది. నేను పొగపొయ్యి దగ్గర మిగిలాను." ఆమె ఊపిరి పీల్చుకున్నది. "నాకు చెల్లెలి లాంటిదే అది. ఈ చేతులతో పని నేర్పాను. అందుకే భయం నాకు. నీకు దొరికిన ఈ చదువు కూడా రేపు రెండో ఏడో మూడో ఏడో ఎవడో వచ్చి, 'ఎవరిచ్చారు? ఎవరు చూశారు?' అంటే? నడి సముద్రంలో మోటారు ఆగిన పడవలా నువ్వుండకూడదే."

కూకువాకు అప్పుడు తెలిసింది. మూడు రోజులుగా తాను మొండితనమనుకొన్నది మొండితనం కాదు, ఒకసారి కాలిన చెయ్యి. ఆమె అమ్మమ్మ మోచేతిని గట్టిగా పట్టుకున్నది.

మంగళవారం కావడం వారి అదృష్టం. ఒడ్డు నిండా మనుషులే. వంశపెద్ద ఎసిల్ఫీ తాత వల ఒళ్లో పెట్టుకొని కునికిపాట్లు పడుతున్నాడు.

"లే తాతా, సాక్ష్యానికి రావాలి" అన్నాడు ఎబో.

"ఎవడు తన్నుకున్నాడురా?"

"ఎవరూ తన్నుకోలేదు. కృతజ్ఞతకి."

"అయితే సీసా ఉంటుందన్నమాట" అంటూ ఆయన లేచి దుప్పటి సవరించుకున్నాడు. ఆయన వెంట నలుగురు, ఆ నలుగురి వెంట పదిమంది ఆడవారు నడిచారు. మాన్సా వాకిలి చేరేసరికి ఊరు సగం అక్కడ ఉన్నది.

మాన్సా పొయ్యి దగ్గర కూర్చొని చేపలు వంచుతున్నది. సన్నని మనిషి, జుట్టు ముగ్గుబుట్ట. గుంపును చూసి లేచింది. గుంపు ముందు తెల్లచీరలో బెంట్సివాను చూడగానే చేతిలోని ఈనె జారి పడింది.

అమ్మమ్మ గడప బయటనే చెప్పులు విడిచింది. పైట భుజం మీదినుంచి కిందికి దించి నడుమున చుట్టుకున్నది. గౌరవానికి అది గుర్తు. ఎసువానోలో బెంట్సివా భుజం దించగా చూసినవారు ఆ గుంపులో ఎవరూ లేరు.

"అక్కా..." అన్నది మాన్సా. ముప్పయి ఏండ్ల తరువాత ఆ మాట బయటికి రావడానికి కష్టపడింది. "ఎలా తెలుసుకున్నావు?"

"పేరు దాచుకున్నదానివి చెయ్యి కూడా దాచుకోవాలి."

"చెయ్యి దాచుకోవడం నాకు రాలేదక్కా. నువ్వు నేర్పిందే వచ్చు."

ఎవరో కిసుక్కున నవ్వి, మళ్లీ నోరు మూసుకున్నారు. ఎసిల్ఫీ తాత గొంతు సవరించుకొని ముందుకు వచ్చాడు. అంతవరకు కునికిన ముసలాయనే ఇప్పుడు నిటారుగా నిలబడి, ఒక్కొక్క మాటను తూచి పలికాడు.

"మాన్సా, నీ ఇంటికి మంచితో వచ్చాం, చెడు ఏమీ లేదు. చిన్నపిల్ల చెయ్యి చెట్టు కొమ్మకి అందదు. ఎవరో కొమ్మ వంచితే పండు అందుతుంది. మా ఎసువానో పిల్లకి నువ్వు కొమ్మ వంచావని తెలిసింది. అవునా?"

మాన్సా తల వంచుకున్నది. "అవును తాతా. నా పొగచేపల డబ్బు. నా సొంతం. ఇందులో నా భర్తది ఒక్క పైసా లేదు."

"అయితే ఈ దణ్ణం నీది. పుచ్చుకో."

ఎబో సీసాను ఆమె పాదాల ముందు పెట్టాడు. మాన్సా ఒక అడుగు వెనక్కు వేసింది.

"నాకు తగదు. పిల్ల చదువు పిల్లదే, నేను వెనక్కి అడగను. కానీ ఈ సీసా నాకు తగదు. ఎందుకో అక్కకి తెలుసు."

గుంపులో గుసగుసలు లేచాయి. కూకువా చేతిలోని కాగితం చెమటకు తడుస్తున్నది. ఈ సీసా మూత రాకపోతే అమ్మమ్మ వేలు కదలదు. వేలు కదలకపోతే రేపు మోటారు పోతుంది, లేదా పాక పోతుంది, లేదా చదువే పోతుంది. ఇక ఆగలేక ముందుకు వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నది. ఎవరూ చెప్పని మాటలే ఆమె నోట వచ్చాయి.

"చిన్నమ్మమ్మా, నాకు పాత సంగతులు తెలీవు. నేను పెద్దల తగువులోకి రాను. నాకు తెలిసింది ఒకటే. మొన్న రాత్రిదాకా మా ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. ఎబో మావయ్య మోటారు తుడుస్తూ ఏడ్చాడు. అమ్మమ్మ పొయ్యిలు కొనడానికి వచ్చినవాడికి తనే కుర్చీ వేసింది. మీ కాగితం వచ్చాక అందరం కడుపునిండా కెంకీ ముద్దలు తిన్నాం. అన్నం పెట్టిన చేతికి దణ్ణం పెట్టకుండా ఉండమంటే ఎలా? మీరు పుచ్చుకోకపోతే నేను పట్నంలో పుస్తకం తెరిచినప్పుడల్లా అప్పులా బరువుగా ఉంటుంది. పుచ్చుకోండి. నన్ను తేలిగ్గా వెళ్లనివ్వండి."

"నేను ఏడవలేదు" అన్నాడు ఎబో. "నూనె కంట్లో పడింది."

మాన్సా అమ్మమ్మ వైపు చూసింది. "అక్కా, ఒక దణ్ణాన్ని మింగేసిన మనిషిని నేను. ఇంకో దణ్ణం ఏ నోటితో పుచ్చుకోను?"

అమ్మమ్మ ముఖంలో ముప్పయి ఏండ్ల కోపం ఒకసారి అలలాగా లేచి, ఒడ్డు తాకి, వెనుదిరిగినట్లు కూకువాకు తోచింది.

"ఆ లెక్క నీకూ నాకూ, పైవాడికీ. ఈ పిల్లకి సంబంధం లేదు. దీని చదువు నీ చేతి మీదుగా వచ్చింది. నా కడుపులో ఏమున్నా, నా నోటితో నీకు చెప్పాలి." ఆమె కష్టం మీద మోకాళ్లు వంచి మనుమరాలి పక్కన కూర్చున్నది. రెండు చేతులూ జోడించింది. "మాన్సా, నా బిడ్డ బిడ్డకి చదువు పెట్టావు. నీకు దణ్ణం. ఇక్కడున్న ఇందరి ముందు నీకు దణ్ణం. నా తర్వాత ఎవరడిగినా వీళ్లు చెప్తారు."

మాన్సా ఇక నిలువలేకపోయింది. వంగి సీసాను అందుకున్నది. మూత తిప్పింది. ముద్ర విరిగిన చప్పుడు ఆ నిశ్శబ్దంలో అందరికీ వినబడింది. పితరుల పేర నాలుగు బొట్లు నేల మీద విడిచి, చిన్న గాజు గ్లాసులో పోసి, ఒక్క గుక్కలో పుచ్చుకున్నది. పొలమారింది. అమ్మమ్మ అప్రయత్నంగా ఆమె వీపు నిమిరింది.

"పుచ్చుకున్నది!" అన్నాడు ఎసిల్ఫీ తాత. "కట్టుబడింది! మేం చూశాం." గుంపంతా "చూశాం" అన్నది. ఎబో పరుగు పరుగున వెళ్లిపోయాడు; మోటారు బేరం రద్దు చేయడానికి రేపటిదాకా కూడా ఆగదలచుకోలేదు. టీచరమ్మ కాగితాన్ని పీట మీద పరచింది. కూకువా సిరా డబ్బీ తెరచింది. అమ్మమ్మ బొటనవేలు, ఏండ్ల తరబడి నిప్పులు తాకి గీతలు అరిగిన ఆ వేలు, కాగితం మీద నీలంగా పడింది. గీతలు సరిగా కనబడకపోయినా, దానికంటె స్పష్టమైన ముద్రను కూకువా ఎన్నడూ చూడలేదు. ఆమె దానిని ఊది ఆరబెడుతూ మనసులో తన దేవుని, అమ్మమ్మను, మాన్సాను, ఆ రోజు పడవలను ఒడ్డున నిలిపిన మంగళవారాన్ని కూడా తలచుకొని నమస్కరించింది.

ఎసిల్ఫీ తాత గ్లాసుకోసం చెయ్యి చాపాడు. మాన్సా ఇవ్వలేదు. గ్లాసును బోర్లించి నేల మీద పెట్టింది.

"ఆగండి తాతా. సాక్షులు ఇందరు ఒకచోట మళ్లీ దొరకరు. నేను చెప్పాల్సింది ఇంకోటి ఉంది. ముప్పయి ఏళ్లు ఆలస్యమైంది." ఆమె గుంపు వైపు తిరిగింది. "ఆ పెద్ద పడవకి దణ్ణం పెట్టలేదని మీరంతా తీర్పు చెప్పారు. పెట్టింది. అక్క పెట్టింది. పెద్దాయన పెదవి తడుపుకున్నాడు. జావ గిన్నె పట్టుకుని నేను చూశాను. చూసి, మీరు అడిగినప్పుడు నేల చూశాను."

అమ్మమ్మ చేయి కూకువా చేతిలో రాయిలాగా బిగిసింది.

అప్పుడు వెనుకనుంచి చేతికర్ర చప్పుడయింది. గుంపు రెండుగా చీలి దారి ఇచ్చింది. ఆ పడవకు ముప్పయి ఏండ్లుగా యజమాని అయిన ముసలి క్వెగ్యీర్ వాకిట్లో నిలబడి ఉన్నాడు. భార్యను చూడలేదు, బెంట్సివాను చూశాడు. చెప్పులు విడిచాడు.

"ఆ ఉదయం అక్కడున్నది మాన్సా ఒక్కతే కాదు" అన్నాడు. "తలుపు వెనకాల నేనూ ఉన్నాను. ఆ దణ్ణం చూశాను."

ఈ కథ విన్నవారి ఇంట చదువుకునే బిడ్డకు నడుమ దారిలో ఆటంకము రాకుండుగాక. ఇచ్చిన చేయి అలయకుండుగాక. పుచ్చుకున్న నోరు మరువకుండుగాక. చూసిన కన్ను నిజము చెప్పుగాక. న్యామే మనలనందరినీ చల్లగా చూచుగాక!